అవధానలోప రుగ్మతకు ఉత్తేజక ఔషధాలు – నిద్రలేమి: తాండూరు, వికారాబాద్ పరిశోధకుల దినచర్య నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం

అవధానలోప రుగ్మతకు వాడే ఉత్తేజక ఔషధాల వల్ల నిద్ర చెడుతుందన్నది చాలామందికి తెలిసిన విషయమే. అయితే ఆ నిద్రలేమి అంతా మందు వల్లనే వస్తుందా అన్న ప్రశ్నను లోతుగా విచారించడం అరుదు. ఈ నిద్రలేమికి కనీసం మూడు వేర్వేరు మూలాలు ఉన్నాయని, ఏ మూలమో తేల్చుకోకుండా మోతాదు పెంచడం గానీ, మందు మానేయడం గానీ, నిద్రమాత్రను ఆశ్రయించడం గానీ సమస్యను జటిలం చేస్తాయని ఈ వ్యాసం వివరిస్తుంది. తాండూరు, వికారాబాద్‌ల నుండి రోజూ రైలులో హైదరాబాదుకు వెళ్లివచ్చే పరిశోధకులు, అధ్యాపకుల దినచర్యను ఉదాహరణగా గ్రహించి, మందు వేళ, చాయ్ వేళ, కునుకు వేళ నిద్రను ఎలా నిర్ణయిస్తాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అవధానలోప రుగ్మత, మిథైల్‌ఫెనిడేట్, నిద్రలేమి, జీవగడియారం, నిద్ర పట్టిక, వికారాబాద్, తాండూరు.

1. ఉపోద్ఘాతం

వికారాబాదు గాలి లక్షలాది రోగులకు మందు అని ఈ ప్రాంతంలో ఒక ఉర్దూ నానుడి ఉంది. అనంతగిరి కొండల మీద నిజాం కాలంలో వెలసిన క్షయ చికిత్సాలయం ఆ నానుడికి ఆధారం. క్షయకు సరైన మందులు రాని ఆ రోజుల్లో స్వచ్ఛమైన గాలి, ఆహారం, విశ్రాంతి ఇవే చికిత్స. ఆయుర్వేదం కూడా నిద్రను దేహాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలలో ఒకటిగా చరకసంహితలో చెప్పింది. విశ్రాంతినే ఔషధంగా ఎంచిన ఆ కొండల కిందుగా నేడు తెల్లవారుజామున రైలెక్కి, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరి, అటుపైన సిద్ధాంతగ్రంథం ముందు కూర్చునే పరిశోధకులు ఉన్నారు. వారిలో అవధానలోప రుగ్మత ఉన్నవారి పరిస్థితి మరింత క్లిష్టమైనది. పగలు మనసు నిలవడానికి మందు కావాలి. ఆ మందు రాత్రి నిద్రను దూరం చేస్తుందేమోనన్న భయం వెంటాడుతుంది.

ఈ రుగ్మత పిల్లలకే పరిమితమన్న భావన చాలాకాలం ఉండేది. నేడు వైద్యశాస్త్రం దాన్ని అంగీకరించదు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన ఐదవ వర్గీకరణ గ్రంథం పెద్దలలో రోగనిర్ధారణకు ప్రత్యేక ప్రమాణాలు ఇచ్చింది. దాని ప్రకారం లక్షణాలలో కొన్ని పన్నెండేళ్ల లోపే కనిపించి ఉండాలి. కానీ వాటిని గుర్తించడం మాత్రం ఏ వయసులోనైనా జరగవచ్చు. బాల్యంలో తెలివితేటలతో నెట్టుకొచ్చినవారు పిహెచ్.డి. స్థాయిలో, అంటే ఎవరూ గంట కొట్టని, ఎవరూ హాజరు తీసుకోని దశలో, తొలిసారి వైద్యుని దగ్గరకు వెళ్లడం అసాధారణమేమీ కాదు.

2. అవధానం: పదం, భావన

తెలుగువారికి అవధానం అన్న పదం కొత్తది కాదు. అష్టావధానంలో అవధాని ఒకేసారి ఎనిమిది అంశాలను ధారణలో ఉంచుకొని నిర్వహిస్తాడు. ఆ ఏకాగ్రతను చెదరగొట్టడానికే అప్రస్తుత ప్రసంగి కూర్చుంటాడు. అవధానలోప రుగ్మత ఉన్నవారికి ఆ అప్రస్తుత ప్రసంగి బయట కాక మనసులోనే ఉంటాడని చెబితే విషయం సుబోధకమవుతుంది. అవసరమైనదాన్ని కొద్దిసేపు మనసులో నిలుపుకోవడం, అనవసరమైనదాన్ని పక్కకు నెట్టడం, పనిని సమయానికి ఆరంభించడం వారికి కష్టమవుతాయి. ఇది సోమరితనం కాదు, తెలివి తక్కువా కాదు.

పక్క మీదకు చేరాక ఈ లోపం మరో రూపం ధరిస్తుంది. పగటి పనుల ఒత్తిడి తొలగి, గదిలో నిశ్శబ్దం అలుముకోగానే ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకే ఈ రుగ్మత ఉన్నవారిలో చాలామందికి ఏ మందూ వాడకముందే నిద్ర ఆలస్యంగా పట్టే అలవాటు ఉంటుంది. ఈ అంశమే తరువాతి చర్చకు కీలకం.

3. ఉత్తేజక ఔషధం – పనిచేసే విధానం

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ప్రవర్తనా సమస్యలున్న పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఆంఫెటమిన్ మందు ఇచ్చి, వారి చదువు మెరుగుపడటాన్ని గమనించాడు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థలో లియాండ్రో పానిజాన్ మిథైల్‌ఫెనిడేట్‌ను తయారుచేశాడు. అది తరువాత రిటాలిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో ఈ రుగ్మతకు ఇచ్చే ఉత్తేజక ఔషధం ప్రధానంగా మిథైల్‌ఫెనిడేటే.

మెదడులో ఒక నాడీకణం నుండి మరొక నాడీకణానికి సందేశాన్ని మోసే రసాయనాలలో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ ముఖ్యమైనవి. విడుదలైన రసాయనాన్ని నాడీకణం తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఆ పీల్చుకునే ద్వారాలను అడ్డగిస్తుంది. ఫలితంగా ఆ రసాయనాలు ఎక్కువసేపు నిలిచి, అవధానం మెరుగుపడుతుంది. మెలకువను నిలబెట్టడంలోనూ ఇవే రసాయనాలకు పాత్ర ఉంది. కనుక నిద్రపై ప్రభావం అనుకోని దుష్ఫలితం కాదు, మందు పనిచేసే తీరులోనే ఇమిడి ఉన్న అంశం.

ఇక్కడ కాలపరిమితి ముఖ్యం. సాధారణ మాత్ర ప్రభావం మూడు నుండి ఐదు గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు, వాటి తయారీ విధానాన్ని బట్టి, ఎనిమిది నుండి పన్నెండు గంటల వరకు పనిచేస్తాయి. కాబట్టి ఎంత మోతాదు అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఏ వేళకు అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

4. నిద్రలేమికి మూడు మూలాలు

4.1. మందు ప్రత్యక్ష ప్రభావం

పక్క ఎక్కే వేళకు రక్తంలో మందు ఇంకా పనిచేస్తుంటే నిద్ర రాదు. 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో కిడ్‌వెల్, సహరచయితలు తొమ్మిది అధ్యయనాలను, 246 మంది పిల్లల వివరాలను కలిపి విశ్లేషించారు. ఉత్తేజక ఔషధాలు వాడినప్పుడు నిద్ర పట్టడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నదని, మొత్తం నిద్ర తగ్గుతున్నదని వారు తేల్చారు. ఈ రకం నిద్రలేమికి గుర్తు ఏమిటంటే, అది మందు మొదలుపెట్టిన తరువాతనో, మోతాదు పెంచిన తరువాతనో, వేసుకునే వేళ మారిన తరువాతనో ఆరంభమవుతుంది.

4.2. మందు దిగే వేళ అలజడి

కొందరికి మందు ప్రభావం తగ్గే సమయంలో పాత లక్షణాలు మునుపటికంటె ఉద్ధృతంగా తిరిగివస్తాయి. చిరాకు, స్థిమితం లేకపోవడం, ఆలోచనల పరుగు ఒక గంటో రెండు గంటలో ఉంటాయి. అది నిద్రవేళతో కలిస్తే నిద్ర పట్టదు. చూసేవారికి ఇది కూడా మందు ఎక్కువైనట్లే కనిపిస్తుంది. వాస్తవానికి మందు లేకపోవడమే ఇక్కడ కారణం. 2008లో సొబాన్‌స్కీ బృందం జర్మనీలో పెద్దవారిపై జరిపిన అధ్యయనంలో, చికిత్స పొందినవారి సంఖ్య స్వల్పమే అయినా, మిథైల్‌ఫెనిడేట్ వాడుతున్నప్పుడు నిద్ర మెరుగుపడినట్లు గమనించారు. పిల్లల అధ్యయనాలకు ఇది భిన్నంగా కనిపించినా పరస్పర విరుద్ధం కాదు. మనసులోని అలజడే నిద్రకు అడ్డంకి అయినవారికి, ఆ అలజడిని తగ్గించే మందు నిద్రకు తోడ్పడవచ్చు.

4.3. ఆలస్యంగా నడిచే జీవగడియారం

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బొర్బేలీ 1982లో నిద్రను రెండు ప్రక్రియల కలయికగా ప్రతిపాదించాడు. మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి మొదటిది. పగలు రాత్రుల లయను పాటించే జీవగడియారం రెండవది. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను స్రవించడం మొదలవుతుంది. అది జీవగడియారం సూచించే రాత్రి ఆరంభం. 2005లో నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ హైడెన్ బృందం ఉత్తేజక ఔషధాలు ఎన్నడూ వాడని, ఈ రుగ్మత ఉన్న పిల్లలను పరీక్షించింది. నిద్ర పట్టని పిల్లలలో మెలటోనిన్ ఆరంభం, నిద్ర సమస్య లేని పిల్లలకంటె సుమారు ముప్పావు గంట ఆలస్యమని తేలింది. అదే దేశంలో వాన్ వీన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో, నిద్ర పట్టని పెద్దలలో ఈ ఆలస్యం గంటన్నరకు మించి ఉంది.

అంటే కొందరిలో నిద్రలేమి మందుకంటె ముందునుంచే ఉన్నది. వారు మందు మానేసినా నిద్ర రాదు, పైగా పగటి అవధానం కూడా పోతుంది. సెలవు రోజులలో రాత్రి రెండింటికి పడుకొని ఉదయం పదింటికి హాయిగా లేవగలిగితే, వారికి నిద్ర లేదని కాదు, నిద్ర వేళ జరిగిందని అర్థం.

5. తాండూరు – లింగంపల్లి దినచర్య: ఒక ఊహాత్మక ఉదాహరణ

ఈ మూడు మూలాలు నిత్యజీవితంలో ఎలా ముడిపడతాయో చూడటానికి ఒక ఊహాత్మక దినచర్యను తీసుకుందాం. తాండూరులో నివసిస్తూ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే వ్యక్తి ఉదయం ఆరున్నర ప్రాంతంలో రైలెక్కుతాడు. వికారాబాద్, శంకరపల్లి మీదుగా లింగంపల్లి చేరి, అక్కడినుండి గచ్చిబౌలి వెళతాడు. హడావుడిలో ఇంట్లో మందు మరిచిపోయి, పదకొండు గంటలకు గ్రంథాలయంలో వేసుకుంటాడు. అది పన్నెండు గంటలు పనిచేసే మాత్ర అయితే దాని ప్రభావం రాత్రి పదకొండు వరకు ఉంటుంది. అదే మాత్రను ఆరు గంటలకు ఇంట్లోనే వేసుకొని ఉంటే సాయంత్రం ఆరుకే దిగిపోయేది. మోతాదు మారలేదు. మారినది వేళ మాత్రమే.

సాయంత్రం అలసటతో రెండు చాయ్‌లు తాగుతాడు. మెలకువ కాలంలో మెదడులో పేరుకునే అడెనోసిన్ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. కెఫీన్ ఆ అడెనోసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. శరీరంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. తిరుగు రైలులో కిటికీ పక్కన ముప్పావు గంట కునుకు తీస్తాడు. ఆ కునుకు హాయిగానే ఉంటుంది. కానీ రోజంతా కూడబెట్టిన నిద్ర ఒత్తిడిలో కొంత ఆ రైలులోనే ఖర్చయిపోతుంది. ఇంటికి చేరాక భోజనం చేసి, సిద్ధాంతగ్రంథం రాయడానికి ఓపిక లేక, దగ్గరున్న సాధారణ మాత్ర మరొకటి వేసుకుంటాడు. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర రాదు. మరునాడు మనసు నిలవదు. అవధానం తగ్గిందని వైద్యునికి చెబితే మోతాదు పెరగవచ్చు. మోతాదు పెరిగితే నిద్ర ఇంకా తగ్గవచ్చు.

నిద్ర చాలనివారిలో కనిపించే మతిమరుపు, చిరాకు, ఏకాగ్రత లేమి అవధానలోప లక్షణాలనే పోలి ఉంటాయి. కాబట్టి మందు చాలడం లేదన్న నిర్ణయానికి వచ్చే ముందు నిద్ర ఎన్ని గంటలు ఉన్నదో లెక్కించడం తప్పనిసరి. ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలచినది ఇదే.

6. నిద్ర పట్టిక

మూలాన్ని తేల్చుకోవడానికి ఖరీదైన పరీక్షలు అవసరం లేదు. రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో ఆరు వివరాలు రాసుకుంటే చాలు: మందు వేసుకున్న వేళ, చివరి చాయ్ తాగిన వేళ, పగటి కునుకు, పక్క ఎక్కిన వేళ, నిద్ర పట్టిందని అనుకున్న వేళ, ఉదయం లేచిన వేళ. సెలవు రోజులను విడిగా గుర్తించాలి. సాయంత్రం చిరాకు మొదలైన సమయాన్ని కూడా నమోదు చేస్తే రెండవ మూలం బయటపడుతుంది. ఈ రుగ్మత ఉన్నవారికి ఏ నమోదునైనా క్రమం తప్పకుండా కొనసాగించడమే కష్టం. కనుక పుస్తకాన్ని మందు డబ్బాతోనే ఉంచడం, ఇంట్లోవారి సాయం తీసుకోవడం మంచిది.

ఈ ప్రాంతవాసులకు ఈ పట్టిక మరో విధంగా కూడా ఉపకరిస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మనోప్రభావక పదార్థం. 1945 నాటి ఔషధ నిబంధనలలో ఎక్స్ షెడ్యూలులో ఉంది. వైద్యుని చీటీ రెండు ప్రతులుగా ఉండాలి. దుకాణదారు ఒక ప్రతిని రెండేళ్లపాటు భద్రపరచాలి. దాన్ని అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి కనుక ప్రతి మందుల దుకాణంలోనూ అది దొరకదు. మందు కోసం, వైద్యుని కోసం నగరానికి వెళ్లవలసినవారికి ఒక్కో సందర్శన విలువైనది. పది నిమిషాల సంప్రదింపులో నిద్ర సరిగా లేదు అని చెప్పడానికీ, రెండు వారాల పట్టికను చూపడానికీ ఎంతో తేడా ఉంటుంది.

7. ఉపశమన మార్గాలు

7.1. మందు ప్రత్యక్ష ప్రభావమే కారణమైతే మొదట మార్చవలసినది వేళ. లేవగానే, రైలుకు బయలుదేరే ముందే మందు వేసుకోవాలి. మరిచిపోయి బాగా పొద్దెక్కితే ఆ రోజు ఏమి చేయాలో వైద్యుని ముందుగానే అడిగి ఉంచుకోవాలి. నిద్ర చెడేవారు సాధారణ మాత్ర చివరి మోతాదును సాయంత్రం ఆరులోపే ముగించాలని ఔషధ సూచనలు చెబుతున్నాయి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నమలడం, పొడిచేయడం కూడదు. తక్కువ సమయం పనిచేసే రకానికి మారడం, మోతాదు తగ్గించడం, ఉత్తేజకం కాని అటమాక్సెటిన్ వంటి మందును పరిశీలించడం వైద్యుని నిర్ణయాలు.

7.2. మందు దిగే వేళ అలజడి కారణమైతే ఆ సమయాన్ని నిద్రవేళకు దూరంగా జరపాలి. వైద్యులు కొన్ని సందర్భాలలో సాయంత్రం చిన్న మోతాదు సూచించడం ఇందుకే. ఇది పైకి వింతగా తోచినా పైన చెప్పిన కారణం వల్ల సమంజసమే. అయితే దీన్ని సొంతంగా ప్రయత్నించకూడదు. మొదటి మూలం ఉన్నవారికి ఇదే పని హాని చేస్తుంది.

7.3. జీవగడియారం ఆలస్యమైనవారికి వెలుగే ప్రధాన సాధనం. ఉదయపు వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుగు వెనక్కు జరుపుతుంది. తాండూరు ప్లాట్‌ఫారం మీద పైకప్పు లేని చోట పది నిమిషాలు నిలబడటం కూడా చికిత్సలో భాగమే. రాత్రి భోజనానంతరం గది దీపాలు తగ్గించాలి, ఫోను దూరంగా ఉంచాలి. సెలవు రోజున కూడా లేచే వేళ గంటకు మించి మారకూడదు. మెలటోనిన్ వాడదలిస్తే ఎంత, ఎన్ని గంటలకు అన్నది వైద్యుడే చెప్పాలి. వేళ తప్పితే దాని వల్ల ప్రయోజనం ఉండదు.

7.4. మూడు సందర్భాలలోనూ పాటించదగినవి కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం తరువాత చాయ్ మానాలి. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా గంటకు పైగా నిద్రను హరించిందని 2013లో డ్రేక్ బృందం నిరూపించింది. కునుకు కావాలంటే ఉదయపు రైలులో తీయాలి, తిరుగు రైలులో కాదు. మనసు పెట్టవలసిన రచనను మందు పనిచేసే ఉదయపు గంటలకు మార్చి, పేజీల సర్దుబాటు, ఉపయుక్త గ్రంథసూచి వంటి యాంత్రికమైన పనులను సాయంత్రానికి ఉంచుకోవాలి. అధ్యాపకులకు ఇది అన్నివేళలా సాధ్యం కాదు. అయినా వారంలో రెండు ఉదయాలు దక్కినా రాత్రి రచన మీద ఆధారపడటం తగ్గుతుంది.

7.5. దీర్ఘకాల నిద్రలేమికి మందులకంటె ముందు ప్రవర్తనా చికిత్సనే అనుసరించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన పద్ధతి అందులో ఒక భాగం. నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కాలి. ఇరవై నిమిషాలకు నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి. పక్క మీద చదవడం, రాయడం చేయకూడదు. ఒకే గదిలో చదువు, పడక రెండూ సాగే ఇళ్లలో కనీసం చాప ఒకచోట, కుర్చీ మరొకచోట ఉండాలి. పరుగెత్తే ఆలోచనలను పడుకోవడానికి గంట ముందే కాగితం మీద పెట్టడం కూడా మేలు చేస్తుంది.

8. చేయకూడనివి

నిద్ర కోసం ఆల్‌ప్రజోలం వంటి మాత్రలను తెలిసినవారి చీటీతో కొనడం ప్రమాదకరం. పగలు ఉత్తేజకం, రాత్రి మత్తు అనే చక్రం త్వరగా అలవాటుగా మారుతుంది. ఇదే మందు కల్లు కల్తీలో కూడా వాడుతున్నట్లు తెలంగాణలో పలుమార్లు బయటపడింది. 2021 జనవరిలో వికారాబాద్ జిల్లా గ్రామాలలో కల్తీ కల్లు తాగి పెద్దసంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు. నిద్ర పడుతుందని కల్లును, మద్యాన్ని ఆశ్రయించేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. మద్యం మిథైల్‌ఫెనిడేట్ రక్తస్థాయిని కూడా పెంచుతుంది.

రుగ్మత లేనివారు పరీక్షల కోసం మిత్రుని మాత్ర అడిగి వేసుకోవడం చట్టరీత్యానూ, ఆరోగ్యరీత్యానూ తప్పు. గుండెదడ, ఛాతీనొప్పి, తీవ్రమైన కుంగుబాటు, రోజుల తరబడి నిద్ర లేకున్నా అలసట తెలియని ఉత్సాహం కనిపిస్తే వెంటనే వైద్యుని కలవాలి. రాత్రిపూట కాళ్లలో చెప్పలేని అసౌకర్యం, కదిలిస్తే గాని నిలవని స్థితి ఉంటే ఇనుము లోపాన్ని పరీక్షించుకోవాలి. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. కనుక స్త్రీల విషయంలో ఈ పరీక్ష మరింత అవసరం. గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి ఉంటే అది వేరే చికిత్స కోరే సమస్య.

తక్షణ సలహా కోసం 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి–మానస్ సేవ 14416 నంబరులో లభిస్తుంది. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైంది. దాని అనుబంధ ఆసుపత్రిలో ముందుగా విచారించి, అవసరమైతే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి వెళ్లవచ్చు.

9. ముగింపు

1. ఉత్తేజక ఔషధం వాడేవారి నిద్రలేమికి మందు ప్రత్యక్ష ప్రభావం, మందు దిగే వేళ అలజడి, ఆలస్యమైన జీవగడియారం అనే మూడు మూలాలు ఉన్నాయి. ఒకే వ్యక్తిలో రెండు కలిసి ఉండవచ్చు.

2. ఒకదానికి ఉపశమనమైనది మరొకదానికి హాని కావచ్చు. అందువల్ల మూలాన్ని గుర్తించడమే చికిత్సలో మొదటి మెట్టు. అందుకు రెండు వారాల నిద్ర పట్టిక సులభమైన సాధనం.

3. దూరప్రయాణం చేసే పరిశోధకులలో మందు వేళ, సాయంత్రపు చాయ్, తిరుగు రైలులో కునుకు, రాత్రి అదనపు మాత్ర కలిసి నిద్రను చెరుస్తాయి. వీటిలో మొదటి మూడూ ఖర్చు లేకుండా మార్చుకోగలిగినవి. నాలుగవది వైద్యుని అనుమతి లేకుండా చేయకూడనిది.

4. నిద్రను లెక్కించకుండా మోతాదు పెంచడం, వైద్యునికి చెప్పకుండా మందు మానడం రెండూ సరికావు.

5. పర్యవేక్షకులకు కూడా ఇందులో బాధ్యత ఉంది. అధ్యాయాన్ని సమర్పించడం ఆలస్యమైన ప్రతి పరిశోధకునిలో నిర్లక్ష్యాన్నే చూడకుండా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావని ఒక్కసారి అడగగలిగితే, కొందరి విషయంలో సిద్ధాంతగ్రంథమూ ఆరోగ్యమూ రెండూ నిలుస్తాయి.